సగం సూది

ఓదెలు ఆ రోజు ఒక నిచ్చెన తెచ్చుకొని ఉంటే మా ఇంటికి ఈ గోస పట్టేది కాదు. ఆ మాట వాని ముఖం మీదనే అన్నాను. నా దుకాణంలో, నా మిషను ముందరి స్టూలు మీద కూర్చొని, నా పైసలతో తెప్పించిన చాయ తాగుతూ నాకే పని పురమాయిస్తుంటే అనక ఏం చేస్తాను?

"భుజం కాడికెల్లి కిందిదాక రెండుంబావు గజాలు. మంచి వదులుగ కుట్టాలె అఫ్జలన్నా. శనివారం పొద్దటికి కావాలె."

"అంత పొడుగు గిరాకీ నా దుకాణానికి ఎవడూ రాడు."

"దుకాణానికి రాడు. నీ ఇంట్లనే ఉన్నడు."

నేను మిషను తొక్కడం ఆపలేదు. ఆపితే చెయ్యి లేస్తుందని భయం.

పదిహేను రోజుల కింద ప్రత్యేక తెలంగాణ కావాలని జనగామ స్టేషన్లో రైలు ఆపినప్పుడు, ఊరి పేరు రాసిన పలక మీద నల్లజెండా కట్టాలని ఓదెలు వాళ్ళకు బుద్ధి పుట్టింది. పలక ఎత్తు మీద ఉంది. ఓదెలు చుట్టూ చూశాడు. తమాషా చూడవచ్చిన మా నాయన బాబామియా కనబడ్డాడు. కనబడక ఎట్లుంటాడు, ఏడడుగుల అయిదంగుళాల మనిషి. "చాచా, జర అందుకోరాదు" అన్నాడు. ఆయన అందుకున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి చేసిన నేరం అదే, చెయ్యి చాచడం.

మర్నాడు పట్నం పేపర్లో ఫోటో వచ్చింది. మూడు నాలుగు వందల తలలు, అన్నీ మసి పూసినట్టు, ఒక్కటీ పోల్చరాదు. వాటన్నిటి మీద మా నాయన ముఖం ఒక్కటే కొత్త రూపాయి బిళ్ళలాగా సాఫ్‌గా పడ్డది. పోలీసులు ఆ ఒక్క ముఖాన్ని పట్టుకొని మా ఇంటికి వచ్చారు.

నాలుగు రోజులు ఠాణా కొట్లో పెట్టారు. ఆ కొట్టు పొడుగు అయిదడుగులు. మోకాళ్ళు గదవకు ఆనించుకొని నాలుగు రోజులు కూర్చున్నాడు. నేను పాలకుర్తి చెలక భూమి కాగితం జమానతు పెట్టి విడిపించిననాడు, బయట గోడ పట్టుకొని నిటారుగా నిలబడటానికి ఆయనకు గంట పట్టింది. ఈ సోమవారం మళ్ళీ పేషీ. ఆయన కచేరిలో కనబడకపోతే నా చెలక సర్కారుపాలు.

ఇదంతా తెలిసీ ఓదెలు స్టూలు మీద కూర్చున్నాడు. టైపు పరీక్ష పాసయి మూడేళ్ళ నుంచి కొలువు కోసం తిరిగిన పిలగాడు. కొలువులు ఎవరికి పోతున్నాయో చూసి చూసి జెండా పట్టాడు. అది తప్పని నేను అనను. జెండా కట్టడానికి మా ఇంటి మనిషే దొరికాడా అనేదే నా బాధ.

"సోమవారం చాచాను తీస్కపోతె ఏమైతదో ఎరికేనా అన్నా?"

"తీస్కపోకపోతె ఏమైతదో నాకు ఎరికే."

"ఫోటోల ఎవరెవరున్నరో పేర్లు చెప్పమంటరు. చెప్పకపోతె మళ్ల ఆ కొట్లనే."

"చెప్తె?"

వాడు చాయ గ్లాసు కింద పెట్టాడు. "చెప్తె నేను పోత. నాతోని ఇంక పదకొండు మంది."

"పోరాదు మరి. కట్టమన్నది నువ్వు. నువ్వెందుకు ఎక్కలె?"

"నిచ్చెన లేకుండె."

"మా అయ్యను నిచ్చెన చేసినవ్."

వాడు తల వంచుకున్నాడు గాని లేవలేదు. వాని ఉపాయం చెప్పాడు. శనివారం పీర్ల పండుగ, పీర్లు లేస్తాయి. ప్రతి ఏడూ పీర్ల ముందర ఇద్దరు ముగ్గురు మొక్కున్నవాళ్ళు కట్టెకాళ్ళ మీద నడుస్తారు. ఫకీరు అంగీ కాళ్ళ దాకా వేలాడుతుంది, కింద కట్టె మొదళ్ళు కనబడతాయి, ముఖానికి పూల సెహరా ఉంటుంది. మా నాయన చెప్పుల కింద కట్టెముక్కలు కట్టి ఆ అంగీ తొడిగితే, చూసినవాళ్ళు మామూలు మనిషే కట్టెకాళ్ళ మీద నడుస్తున్నాడనుకుంటారు. అట్లనే ఊరి నడుమ నుంచి వాగు దాకా పోతాడు. వాగు దగ్గర గూడూరు ధన్‌సింగ్ బండి ఉంటుంది.

"పాలకుర్తి మీదికెల్లి మానుకోట, ఆడికెల్లి గూడూరు. గూడూరు దాటినంక భూపాలపల్లి దాక అడివే. ఎవనికి దొరుకుతడు?"

"నా చెలకనో?"

"తెలంగాణ వస్తె నీ చెలక నీకు ఇప్పిస్తం."

"ఓదెలూ, ఆ స్టూలు మీదికెల్లి లే."

లేచాడు. పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి, "అంగీ మాత్రం కుట్టు అన్నా" అన్నాడు. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దు ఉండాలి.

వాడు గమనించలేదు గాని వాని తల పక్కనే కొక్కేనికి ఇన్‌స్పెక్టరు గారి ఖాకీ ప్యాంటు వేలాడుతోంది. నడుము వదులు చేయమని ఇచ్చాడు. ఆయన కోస్తా నుంచి వచ్చి రెండేళ్ళయింది, మా జొన్నరొట్టె ఆయన నడుముకు బాగా పట్టింది.

పొద్దుగూకే ముందు ఆయనే వచ్చాడు.

"ఏమయ్యా అఫ్జల్, అయిందా?"

"అయింది సార్." కాలరుకు గుచ్చుకున్న సూది తీసి ఆఖరి కుట్టు వేసి, దారం కొరికి, సూది మళ్ళీ కాలరుకు గుచ్చుకున్నాను. దర్జీలకు అదే జేబు.

"మీ నాన్న నోరు విప్పాడా?"

"ఆయన మాట్లాడడు సార్."

"మూగా?"

"కాదు. మాట్లాడడు."

"సినిమాల్లో చేశాడటగా."

"బొంబాయిల. మాటలు లేని సినిమాల కాలంల."

"అయితే అలవాటే అన్నమాట. మీ యాసలో మాట్లాడటం కంటే అదే నయంలే." నవ్వాడు. నేనూ పళ్ళు చూపించాను. కుట్టుకూలీ ఇంకా ఇవ్వలేదు మరి. "చూడు, ముందుండి రైలు ఆపించిన ఆ పన్నెండు మంది పేర్లు చెప్పించు. లేదా ఆయన ఎటైనా పోయే వాలకం కనబడితే నాకు ఒక్క మాట చెప్పు. నీ జమానతు కాగితం నీ చేతికి ఇప్పించే పూచీ నాది."

*

ఆ సాయంత్రం మా వాకిట్లో నలుగురం కూర్చున్నాం. నలుగురిలో మాట్లాడినవాళ్ళం ముగ్గురమే.

మా నాయన అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చొని నా మిషను రీలుకు దారం చుడుతున్నాడు. కూర్చుంటే కూడా ఆయన తల చూరుకు తగులుతుంది. మా అమ్మ దిల్షాద్ బేగం పొయ్యి దగ్గర ఉంది. ఆయన ఇల్లు వదిలి బొంబాయి రైలెక్కినప్పుడు నాకు నాలుగేళ్ళు. తిరిగి వచ్చి అయిదేళ్ళయింది. ఈ అయిదేళ్ళలో ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పవలసినవి నాతో చెబుతుంది, ఆయనకు వినబడేటట్టు. మా దర్వాజ కురచ. లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆయన నుదురు తగిలి చౌకట్టు మీద నూనెమరక పడ్డది. జాగ్రత్త అని కూడా ఆమె ఏనాడూ అనలేదు.

నా భార్య జువేరియా మొదలుపెట్టింది.

"ఆ చెలక నాకు మా తల్లిగారింట్ల అబ్బా ఇచ్చిండు. ఆరేండ్లు రాళ్ళు ఏరిన. చేతులు చూడుండ్రి. ఇప్పుడిప్పుడు రెండు బస్తాల కంది వస్తున్నది. ఆయనెవరు మనకు? నలభై ఏండ్లు ఏడున్నడు?"

"ఏడున్నా ఇప్పుడు ఈడున్నడు," అన్నది అమ్మ.

"ఉండమనే అంటున్న. పేర్లు చెప్పి ఉండమంటున్న. ఎవరో పోరగాండ్ల కోసం మా భూమి పోవాల్నా?"

"పోరగాండ్లకు గూడ తల్లులున్నరే."

"నాకు పిల్లలున్నరత్తమ్మా."

నేను మా నాయన ఎదురుగా పోయి కూర్చున్నాను. ఆయన చేతులు తాటిమట్టల్లా ఉంటాయి. ఆ చేతుల్లో రీలు చింతగింజంత కనబడుతోంది.

"అబ్బా, పన్నెండు పేర్లు. నీకు ఎరికే. జెండా ఎవడిచ్చిండో చెప్పు, చాలు. మిగిలినయి వాడే చెప్తడు."

దారం చుడుతూనే ఉన్నాడు.

"నన్ను మూడో జమాతుల బడి మాన్పిచ్చి కాజాలు కుట్టెతందుకు కూసోబెట్టింది అమ్మ. నువ్వు పోయినవ్ గనుక. ఇప్పుడన్న ఒక్కసారి నా కోసం నోరు తెరువు."

రీలు నిండింది. దారం తెంపి, కొస ముడివేసి, నా మోకాలు మీద పెట్టాడు. ఇంకో రీలు తీసుకున్నాడు.

ఈ మౌనం నాకు కొత్త కాదు. నా ఏడో ఏట జనగామకు డేరా బయస్కోపు వచ్చింది. తెరకు ఇవతల మగవాళ్ళు, అవతల ఆడవాళ్ళు. బొమ్మలో శ్మశానం. సమాధి వెనక నుంచి ఒక జిన్ను లేచింది. లేస్తూనే ఉంది, లేస్తూనే ఉంది. తెర చాలక తల కనబడకుండా పోయింది. అది మీ నాయనే అని పక్కవాడు చెప్పాడు. నేను లేచి పోయి ఆ కాలు ముట్టుకున్నాను. గుడ్డ. చల్లగా ఊగింది. అందరూ నవ్వారు. తెరకు అవతలి పక్క మా అమ్మ కూర్చొని ఉంది. నాకు కుడిదిక్కు నడిచిపోయిన మనిషి ఆమెకు ఎడమదిక్కు పోయాడు. ఇద్దరిలో ఎవరి కోసమూ ఆగలేదు. ఇంటికి వచ్చినంక ఆమె నెల రోజులు రాత్రి దీపం ఆర్పనివ్వలేదు.

మాటల సినిమాలు వచ్చినంక ఆయనతో ఒక్క ముక్క చెప్పించారట. మన దిక్కు యాసలో ఆ ముక్క వినబడగానే స్టూడియో అంతా పొట్టలు పట్టుకొని నవ్విందట. ఆ తర్వాత నోరు కట్టుకున్నాడని ఆయనతో తిరిగిన ఒకాయన చెప్పాడు. ఇక మిగిలింది ఎత్తే. సంతల్లో డేరా వేసి గద్దె మీద నిలబెట్టేవాళ్ళు. అణా టిక్కెట్టు. జనానికి అనుమానం, లోపల కట్టెకాళ్ళు ఉన్నాయేమో అని. అందుకని డేరావాడు ఇంకో అణాకు సూది ఇచ్చేవాడు. పిక్కలో గుచ్చి చూసుకోవచ్చు. అప్పుడు ఆయన అరవాలి, రక్తపు చుక్క కనబడాలి. అదే ఆట. ఇరవై ఏళ్ళు అదే ఆడాడు.

నా పంతొమ్మిదో ఏట మానుకోట సంతలో ఆ డేరాలోకి పోయాను. రెండో అణా కూడా ఇచ్చాను. సూది సగం పైన దింపాను. ఆయన అరిచాడు, జనం చప్పట్లు కొట్టారు. వంగి నా ముఖంలోకి చూశాడు గాని పోల్చలేదు. నాలుగేళ్ళ వయసులో వదిలిపోయిన కొడుకును మీసాలు వచ్చినంక ఎవడు పోలుస్తాడు? ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. జువేరియాకూ చెప్పలేదు.

ఆ వాకిట్లో ఆయన రెండో రీలు కూడా చుట్టి నా మోకాలు మీద పెట్టాడు.

*

శుక్రవారం నమాజు నుంచి ఇంటికి వస్తే అమ్మ నా పాత చేతిమిషను ముందు పెట్టుకొని కూర్చొని ఉంది. కళ్ళకు సరిగా కనబడదు. సూది బెత్తెడు దూరంలో పెట్టుకొని నల్లబట్ట కుడుతోంది.

"ఎవరిచ్చిండ్రు బట్ట?"

"ఓదెలు పచ్చది తెస్తనన్నడు. నేను నల్లది తెమ్మన్న."

"ఎందుకు?"

"నల్లదాని మీద ఏదీ కనబడదు."

"కొలత ఎవరు తీసిండ్రు? ఆయన దగ్గరికి పోయినవా?"

ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా బట్ట మీద ఆనించి, నాలుగుసార్లు కొలిచి, ఇంకో జానెడు కలిపింది. నేను టేపు తీసి చూశాను. అంగుళం తేడా లేదు. నలభై రెండేళ్ళు ముట్టని మనిషి కొలత ఆమె చేతికి గుర్తుంది.

"అమ్మీ, గిది కుడితె చెలక పోతది."

"ఆ కొట్లకు మళ్ల పోతె మనిషి పోతడు. మడత పెట్టిన దుప్పటి లెక్క తెచ్చి వాకిట్ల పెడ్తరు. నేను విప్పలేను కొడుకా."

"నిన్ను ఇడిసి పోయినోడు."

"నన్ను ఇడిసిండు. నేను గద అడగాలె. నువ్వెందుకు అడుగుతున్నవ్?"

మళ్ళీ మిషను తిప్పింది. కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ వేసింది, మళ్ళీ వంకర. భుజం దగ్గర బట్ట ముడుచుకొని పిల్లి గీరినట్టు అయింది. చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి జనగామలో అఫ్జల్ కుట్టంటే గీత గీసినట్టు ఉంటుందని పేరు. ఊరంతా చూసే అంగీ అది.

"లే," అన్నాను.

ఆ కుట్టు చూడలేక కూర్చున్నాను, అంతే. కుట్టింది ఆయన పోవడానికి కాదు. కుడుతున్నంతసేపూ, రేపు పొద్దున పోయి ఇన్‌స్పెక్టరుకు చెప్పేస్తానని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

శనివారం పొద్దున్నే ఓదెలు కట్టెముక్కలు తెచ్చాడు. వడ్లాయన చెక్కి ఇచ్చిన రెండు గుండ్రటి మొదళ్ళు, జానెడు ఎత్తు. మా నాయన ముందర పెట్టాడు.

"చాచా, గివి చెప్పుల కింద కట్టుకుంటె నీయి కట్టెకాళ్ళే అనుకుంటరు."

మా నాయన వాటి దిక్కు చూశాడు. కాలితో మెల్లగా పక్కకు జరిపాడు. తర్వాత వంగి, పైజామా మోకాలు దాకా మడిచాడు. రెండు పిక్కలూ చూపించాడు. అమ్మవారు పోసినట్టు మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి, ఖాళీ లేకుండా. ఇవి కట్టెవి కావని జన్మంతా రుజువు చూపించిన కాళ్ళు. ఇప్పుడు కట్టెవని ఒప్పుకోమంటున్నారు.

ఓదెలు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ మచ్చల్లో ఒకటి నాది. ఏదో నాకు తెలియదు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చాలాసేపు ఆ పిక్కలు చూసింది. ఆమె కళ్ళకు ఎంత కనబడ్డదో. కింద కూర్చొని, కట్టెముక్క ఒకటి తీసుకొని, ఆయన పాదం తన ఒళ్ళో పెట్టుకొని తాడుతో కట్టడం మొదలుపెట్టింది. ఆయన పాదం వెనక్కి తీసుకోలేదు.

అంగీ తొడిగాక జానెడు పెరిగిన మనిషి దర్వాజ దగ్గరికి నడిచాడు.

"తల వంచు," అన్నది అమ్మ.

నాతో కాదు. ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు. బాగా కిందికి వంగి, చౌకట్టుకు తగలకుండా బయటికి పోయాడు. జువేరియా లోపలి గదిలో తలుపు వేసుకొని ఉంది. ఆ తలుపు తెరుచుకోలేదు.

*

నేను అడ్డదారిన చౌరస్తాకు పోయాను. చెప్పడానికే పోయాను. ఇప్పుడు ఏవేవో కారణాలు రాసి మంచివాణ్ణి అనిపించుకోవడం నాకు చేతకాదు.

డప్పులు ముందుగా వచ్చాయి. ఊదుపొగ, కుడుకల దండలు, రంగుగుడ్డల దట్టీలు కట్టిన పీర్లు. వాటి ముందర మా నాయన. నేను నా కళ్ళను నమ్మలేదు. ఏడడుగుల మనిషి, అయిదడుగుల మనిషి కట్టెకాళ్ళ మీద ఎట్లా నడుస్తాడో అట్లనే నడుస్తున్నాడు. తూలుతున్నాడు. చేతులు గాలిలో వెతుక్కుంటున్నాయి. ఒకచోట పడబోయి నిలదొక్కుకున్నాడు. జనం హో అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ వేషం కట్టాడు, మాట లేని వేషమే.

"ఎవడ్రా గీ సారి? పడితె పండ్లు రాల్తయి," అన్నాడొకడు.

అండాలు అని పాలమ్మే ఆమె చెంబెడు నీళ్ళు తెచ్చి కట్టెమొదళ్ళ మీద పోసి మొక్కింది. "మెల్లగ బిడ్డా, మెల్లగ." ఆమెకు యాభై ఉంటాయేమో. ఆయనకు అరవై ఆరు.

ఇన్‌స్పెక్టరు నలుగురు జవాన్లతో చౌరస్తాలో ఉన్నాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. డప్పులు ఆగాయి.

"ఎవరిదయ్యా ఈ వేషం? అంగీ ఎత్తండి, కాళ్ళు చూడాలి."

పీర్లను ఎత్తే ముజావరు ముందుకు వచ్చాడు. "మొక్కు వేషం సార్. దట్టి కట్టినంక వాగు దాక ఎవరూ ముట్టొద్దు. ముడితె గడ్‌బడ్ అయితది."

వెనక జనంలో చిన్నగా రొద మొదలైంది. ఎవడో జై తెలంగాణ అన్నాడు, పదిమంది అందుకున్నారు. ఇన్‌స్పెక్టరు తన నలుగురు జవాన్లను లెక్కపెట్టుకున్నట్టు చూసుకున్నాడు. అప్పుడు నేను కనబడ్డాను.

"రావయ్యా దర్జీ. ఈ కుట్టు నీదేగా?"

"నాదే సార్."

నోట్లో మాట సిద్ధంగా ఉంది. మా నాయన సార్, అంటే అయిపోయేది. ఆ మాట పక్కనే పాలకుర్తి చెలక కూడా కనబడుతోంది, జువేరియా ఏరిన రాళ్ళ కుప్పతో సహా.

ఆయన నన్ను చెప్పనివ్వలేదు. తెలివైన మనిషి. "నేను ముట్టనులే, మీ ఆచారం మీది. నీ కాలర్లో సూది ఉందిగా. నువ్వే గుచ్చు. కట్టె అయితే ఊరుకుంటుంది, కాలు అయితే అరుస్తుంది."

జనం నవ్వారు. వాళ్ళకు అది తమాషా.

సూది తీసుకొని మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిన్న నేనే వేసిన మడత నా కళ్ళ ముందు ఉంది. గీత గీసినట్టే ఉంది. మా నాయన తూలడం ఆపాడు. నల్లబట్ట మీద సూది ఆనించి నొక్కాను.

దిగింది. కట్టెలోకి సూది అట్లా దిగదు. దిగిన సంగతి ఇద్దరికే తెలుసు.

నేను ఎదురుచూశాను. అరుపు ఆయన వృత్తి. ఇరవై ఏళ్ళు అణాకు ఒకసారి అరిచిన గొంతు. ఇప్పుడు ఒక్కసారి అరిస్తే నా భూమి నాకు దక్కుతుంది, నేను చెప్పినట్టు కూడా కాదు. అరవాలనే కోరుకున్నాను. ఇది కూడా రాస్తున్నాను.

పైన సెహరా పూలు కూడా కదల్లేదు.

"ఇంకా లోపలికి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నొక్కాను. సగం పైన పోయింది. నా బొటనవేలికి బట్ట కింద వెచ్చగా తగిలింది. నల్లబట్ట మీద ఏదీ కనబడలేదు. అప్పుడు నా చెయ్యి నన్ను అడగకుండానే పక్కకు వంగింది. సూది పుటుక్కున విరిగింది. కన్ను ఉన్న సగం నా వేళ్ళలో మిగిలింది.

"కట్టె సార్," అన్నాను. "విరిగింది."

ఆ సగం ముక్క ఆయన అరచేతిలో పెట్టాను. కంటి దగ్గర పెట్టుకొని చూశాడు. నా ముఖం చూశాడు. విసిరికొట్టినట్టు నాకే ఇచ్చేశాడు.

"సరే, పోనీయండి."

డప్పులు మోగాయి. మా నాయన మళ్ళీ తూలడం మొదలుపెట్టాడు.

వాగు దగ్గర జనం పీర్ల వెంట నీళ్ళ దిక్కు పోయారు. తుమ్మల చాటున ధన్‌సింగ్ బండి కట్టి ఉంది. మా నాయన అంచు పట్టుకొని ఎక్కి, కాళ్ళు చాపుకున్నాడు. కాళ్ళు బండి దాటి బయటికి వేలాడాయి. ధన్‌సింగ్ గడ్డి తెచ్చి కప్పుతూ నన్ను చూసి నవ్వాడు.

"పరేషాన్ గాకు భాయ్. మా భూపాలపల్లి అడివిల టేకు చెట్లు చూడలేదా? ఆడ గీయన పొట్టోడు."

నేను కట్టెముక్కల తాళ్ళు విప్పాను. అమ్మ వేసిన ముళ్ళు, గట్టివి.

"కాలు చూపియ్ అబ్బా. సూది తీస్త."

అంగీ కిందికి లాక్కున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ధన్‌సింగ్ ఎద్దులను అదిలించాడు. బండి కదిలింది. చక్రం నాలుగు చుట్లు తిరిగేంత దూరం కూడా పోలేదు, గడ్డిలో నుంచి గొంతు వచ్చింది. ఆ గొంతు అంత సన్నగా ఉంటుందని నేను అనుకోలేదు.

"మానుకోటల గూడ గింతే లోతుకు పొడిచినవ్ బేటా."

నేను వాగు ఒడ్డున నిలబడి ఉన్నాను. చేతిలో రెండు కట్టెముక్కలు. బండి మలుపు తిరిగింది.

సోమవారం కచేరిలో బంట్రోతు బాబామియా పేరు మూడుసార్లు పిలిచాడు. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. జువేరియా నా పక్కనే నిలబడ్డది, నాతో మాట్లాడి అప్పటికే రెండు రోజులయింది. గుమస్తా రాసుకుంటూ పైకి చదివాడు: పాలకుర్తి శివారు, చెలక, రెండెకరాల పదిహేడు గుంటలు.